బీదరు హుక్కా: కొనువారి పరీక్ష

పొగాకు దక్కను దేశమునకు పోర్చుగీసువారి ఓడలపై వచ్చినది. 1604 ప్రాంతమున అక్బరు కొలువులోని అసద్ బేగ్ బీజాపురమునుండి మరలుచు, అచ్చట దొరకిన పొగాకును, దానిని పీల్చు అందమైన గొట్టమును ప్రభువునకు కానుకగా కొనిపోయెను. 1617లో జహంగీరు పొగత్రాగుటను నిషేధించినను అలవాటు ఆగలేదు. పొగను నీటిగుండ పీల్చు హుక్కా దర్బారులందే గాక సంపన్నుల యిండ్లలోను అతిథిమర్యాదలలో నొకటియైనది. ఆ హుక్కాకు నీటికుండ చేయుటలో బీదరు పట్టణము పేరుగాంచెను.

బీదరు మనకు పరాయి యూరు కాదు. 1948 వరకు అది నిజాము రాజ్యములోనిది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు ఆ జిల్లా మూడు పాళ్లయినది. జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశమున చేరి నేడు తెలంగాణములో నున్నవి. ఉదగీరు, నీలంగా నేటి మహారాష్ట్రమునకు, బీదరు పట్టణము నేటి కర్ణాటకమునకు దక్కినవి. ఎల్లలు మారినను చేతిపని మారలేదు.

హుక్కాలో చిలుము మట్టిది కావచ్చును; గొట్టమును మార్చుకొనవచ్చును. విలువ యంతయు క్రిందనుండు నీటికుండలో నున్నది. బీదరు పనివారు జింకులో కొంచెము రాగి కలిపి కరగించి, మట్టియచ్చున పోతపోయుదురు. ఆకురాయితో నునుపుచేసి, మైలుతుత్తపు నీరు రాచి తాత్కాలికముగ నల్లబరతురు. ఆ నలుపుపై చిత్రపు గీతలు చక్కగ కనబడును. ఆ గీతలను ఉలితో గాడులుగా తొలిచి, మేలిమి వెండితీగనుగాని రేకునుగాని సుత్తితో అదుముదురు. తుదకు పాత కోటలో ఎండవానలు సోకని చోటి మట్టిని నవాసాగరముతో కలిపి, వేడిచేసిన పాత్రకు పట్టింతురు. లోహము కారునలుపగును; వెండి మాత్రము తెల్లగనే నిలుచును.

ఇట్టి కుండను కొనువారు చూడదగినవి నాలుగు. మొదటిది నీరు. పోతలో గాలి చిక్కినచో కంటికానని రంధ్రములు పడును. కుండను నింపి పొడిగుడ్డపై కొంతసేపు నిలిపినచో గుడ్డయే సాక్ష్యము చెప్పును.

రెండవది వ్రేలికొన. లోతైన గాడిలో అదిమిన వెండి లోహముతో సమముగ నుండి చేతికి తగులదు. పైపైన అతికిన పలుచని రేకు అంచులయందు లేచి గోరునకు తగులును. వెండిని ఉబ్బెత్తుగ నిలుపు రీతియు కలదు. అందైనను అంచులు లేవరాదు. పాత కుండపై చేతిపట్టునకు వెండి అరిగియున్న నది లోపము కాదు, వాడుకకు గురుతు.

మూడవది నలుపు. రంగుపూతయైనచో మూలలయందు పెచ్చులూడును. నిజమైన నలుపు లోహముననే పుట్టినది గనుక అట్లు పెచ్చులుగా రాలదు. ఏండ్లు గడచి కొంత వెలిసినను, నూనెగుడ్డతో తుడిచినచో నిగ్గుదేరును.

నాల్గవది నిలుకడ. 17వ శతాబ్దపు కుండలు పెక్కు బంతివలె గుండ్రనివి; వానికి వేరుగ చుట్టుకుదురు కావలెను. 18వ శతాబ్దమున అడుగు వెడల్పైన గంటయాకృతి వ్యాపించెను. నెత్తిన నిప్పు మోయు పాత్ర తూలినచో తివాచీ కాలును గనుక ఈ పరీక్ష వేడుకకై కాదు.

1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమున బిదిరీ వస్తువులను ఉంచిరి. పిమ్మట చుట్ట, బీడీ, సిగరెట్టు ప్రబలి హుక్కా వెనుకబడెను. పనివారు పూలకూజాలు, పెట్టెలు, గుండీలు చేసి బ్రదుకుతెరువు నిలుపుకొనిరి. ఇది కేవలము వస్తువు మారుట కాదని మా యభిప్రాయము. ప్రతిదినము నీరు నింపి, కడిగి, చేతబట్టిన యజమానియే పనివానికి కఠినుడైన పరీక్షకుడు. బీరువాలో నుంచిన పూలకూజాను అట్లు పరీక్షించువారు లేరు. కొనువాడు భేదమెరుగనిచో, రేకు అతికినవానికిని లోతుగ తొలిచినవానికిని ఒకే వెల ముట్టును; శ్రమించినవాడే నష్టపోవును. విద్య క్షీణించు మార్గమిదియే.

2023లో బీదరు శిల్పి షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ లభించుట ఎల్లరకు సంతోషము. కాని బిరుదు ఒకనికే వచ్చును. అంగడులలో సుత్తిపట్టిన తక్కినవారికి గౌరవము కొనువారి కన్నులనుండియే రావలెను.

పొగాకు చేయు కీడెరిగి మన యిండ్లలో హుక్కాను విడిచితిమి, మంచిదే. పాత్రను కూడ విడువ నక్కరలేదు. అటకపై నల్లని కుండ యేదైన నున్నచో, పాతసామానుల వర్తకునికి తూకమున నిచ్చుటకు ముందు దానిని తుడిచి, నీరు పోసి, వ్రేలితో తడవి చూడుడు. హైదరాబాదు పోయినప్పుడు సాలార్‌జంగు ప్రదర్శనశాలలోని బిదిరీ పనులను పిల్లలకు చూపుడు. మంచి పనిని గుర్తించు కన్ను వారికి సంక్రమించినచో, రేపు బీదరు అంగడిలో వారు అడుగు ప్రశ్నలే ఆ పనివారికి అండయగును.