పందెపు సైకిలు హ్యాండిలు: దాని చరిత్ర, దాని వెల

జీడిమెట్ల పేరు వినగానే లేతు యంత్రములు, మందుల కర్మాగారములు, సరకుల లారీలు మన కన్నుల ముందు మెదలును. వేకువజామున మాత్రము ఆ లారీల సందడికి ముందే లేచి, సన్నని చక్రముల సైకిళ్లపై కూకట్‌పల్లి మీదుగా సైబరాబాదు వైపు సాగు యువకులును నేడు కలరు. 2023 అక్టోబరు 1వ తేదీన నానక్‌రాంగూడ, నార్సింగి ప్రాంతములలో అవుటర్ రింగు రోడ్డు ప్రక్కన, సౌరఫలకముల కప్పు క్రింద, 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైనది. అంతకు ముందే 2019 అక్టోబరులో ఐరన్‌మ్యాన్ 70.3 అను ట్రయథ్లాన్ పందెము గోవాలో జరిగినది. ఆ పేరిట మన దేశమున జరిగిన మొదటి పోటీ అదియే. 1.9 కిలోమీటర్లు ఈది, 90 కిలోమీటర్లు సైకిలు త్రొక్కి, 21.1 కిలోమీటర్లు పరుగెత్తుట అందలి నియమము.

ఇట్టి పందెమునకు సిద్ధపడు యువకుని ఇంటిలో ఒక ప్రశ్న తప్పక పుట్టును. ఉన్న సైకిలుకు హ్యాండిలు ఉండనే యున్నది గదా, మరల కొత్తది ఎందుకు? జీతములో అంత భాగమును ఒక గొట్టము మీద పోయవలెనా? ఈ ప్రశ్నకు దుకాణదారుడు చెప్పు సమాధానము ఒకటి. చరిత్ర చెప్పు సమాధానము మరియొకటి. రెండవదానిని ఆలకింతము.

1817 జూన్‌లో జర్మనీ దేశపు మన్‌హైము నగరమున కార్ల్ డ్రాయిస్ అను నతడు తాను కల్పించిన రెండు చక్రముల కొయ్యబండిని నడిపి చూపెను. దానికి పెడలు లేదు. కాళ్లతో నేలను తన్నుచు పోవలెను. ఆ బండికి ముందు చక్రమును త్రిప్పు కర్రయు, దాని వెనుక ముంజేతులను ఆనించుకొనుటకు మెత్త వేసిన పలకయు ఉండెను. మోచేతుల మీద ఆనుకొని ప్రయాణించుట నేటి వింత అని మనము తలంతుము గాని, సైకిలు పుట్టుకతోనే ఆ ఏర్పాటును పుట్టినది. అప్పటి ప్రయోజనము వేరు: తూకము తప్పకుండుట, కాళ్లకు ఊతము దొరకుట.

తరువాత పెడళ్లు వచ్చెను, గొలుసు వచ్చెను; ముంజేతుల పలక మరుగుపడెను. మద్రాసు సమీపమున అంబత్తూరులో 1949లో టి.ఐ. సైకిల్స్ సంస్థ ఏర్పడిన కాలము నాటికి తెలుగు పల్లెలలో తిరుగు నల్లని సైకిలుకు ఎత్తైన, వెడల్పైన హ్యాండిలు ఉండెను. పాలక్యానులను వ్రేలాడదీయుటకు, ధాన్యపు బస్తాతో తూలక సాగుటకు అదియే తగినది. గంటకు పదిపన్నెండు కిలోమీటర్ల నడకలో గాలి అంత పెద్ద శత్రువు కాదు. కాని వేగము రెట్టింపైనచో గాలి అడ్డు నాలుగింతలగును. దానిని చీల్చుకొనిపోవుటకు కాళ్లు చూపవలసిన శక్తి ఎనిమిదింతలగును. ఆ అడ్డులో అధికభాగము సైకిలు వలన గాక, దానిమీద కూర్చున్న మనిషి దేహము వలననే కలుగును. హ్యాండిలు కథకు కీలకము ఇదియే.

1986లో పీట్ పెన్సేర్స్ అను అమెరికా వాసి ఆ ఖండము నొక తీరము నుండి మరియొక తీరమునకు దాటు పందెమున, ముంజేతులను ఆనించు హ్యాండిలును వాడి, 8 దినముల 9 గంటల 47 నిమిషములలో గమ్యము చేరెను. పిమ్మట బూన్ లెన్నన్ అను మంచుజారుడు శిక్షకుడు, కొండవాలున జారువారు చేతులను ముందుకు చేర్చి ముడుచుకొను భంగిమను సైకిలుకు తెచ్చెను. దానిని ముందుగా ఆదరించినవారు ట్రయథ్లాన్ క్రీడాకారులే.

లోకమంతయు దానిని గమనించిన దినము 1989 జూలై 23. ఫ్రాన్సు దేశపు మహాపందెమున కడపటి దినము, వెర్సాయి నుండి పారిస్‌కు 24.5 కిలోమీటర్లు. ఫ్రెంచి వీరుడు లోరాన్ ఫిన్యోఁ 50 సెకండ్ల ఆధిక్యముతో బయలుదేరెను. అతని సైకిలుకు రెండు చక్రములును ఖరీదైన పళ్లెపు చక్రములే, కాని హ్యాండిలు పాతరకము. తలకు కవచము లేక జుట్టు గాలికెగురుచుండెను. అమెరికా వాసి గ్రెగ్ లెమాండ్ కొత్త హ్యాండిలుపై మోచేతులను ఆనించి, వెన్ను వంచి, ఆ దూరమును 26 నిమిషముల 57 సెకండ్లలో దాటెను. మూడు వేల కిలోమీటర్లకు పైబడిన పందెమును 8 సెకండ్లతో గెలిచెను. ఫిన్యోఁ ఆనాడు సీటు పుండ్లతో బాధపడుచుండెననుటయు నిజమే. ఘనత యంతయు హ్యాండిలుకే కట్టబెట్టరాదు.

దీనికన్న గొప్ప సాక్ష్యము 1993లో లభించినది. స్కాట్లండు వాసి గ్రేమ్ ఓబ్రీ తన చేతులతో తయారుచేసికొన్న సైకిలులో బట్టలుతుకు యంత్రపు బేరింగును వాడెను. చేతులను ముడిచి రొమ్ము క్రిందికి చేర్చుకొని, జూలై 17న నార్వేలో ఒక గంటకు 51.596 కిలోమీటర్లు త్రొక్కెను. ఆరు దినములకే క్రిస్ బోర్డ్‌మన్ 52.270 కిలోమీటర్లతో దానిని మించెను; 1994 ఏప్రిలులో ఓబ్రీ 52.713తో మరల పైచేయి సాధించెను. ఆ సంవత్సరమే అంతర్జాతీయ సైకిలు సంఘము ఓబ్రీ విధానమును నిషేధించెను. గమనింపుడు: వారు నిషేధించినది భంగిమను, లోహమును గాని, వెలను గాని కాదు. లాభము ఎచట నున్నదో వారికి తెలియును.

జీడిమెట్ల వర్కుషాపులోని ఫిట్టరును అడిగినను ఇదియే చెప్పును: పనిముట్టు ఎంత మేలైనదైనను, వస్తువును సరిగా బిగింపనిచో కొలత తప్పును. సైకిలుపై బిగింపవలసిన వస్తువు మన దేహమే.

కనుక ఖర్చునకు ఒక క్రమము ఏర్పడుచున్నది. మొదట సీటు ఎత్తును, హ్యాండిలు దూరమును దేహమునకు తగినట్లు సరిచేయించవలెను. పిదప, ఉన్న హ్యాండిలుకే బిగించు ముంజేతుల కమ్మీలు కొన్ని వేల రూపాయలకు లభించును. 90 కిలోమీటర్లను గంటకు 30 చొప్పున 3 గంటలలో దాటువాడు, వాటి వలన 31కి పెరిగినచో, సుమారు 6 నిమిషములు మిగుల్చుకొనును. ఆ కమ్మీలపై నిలకడగా ఒక గంట కూర్చుండలేనివానికి మాత్రము ఆ లాభమును దక్కదు. ఇక కార్బన్‌తో ఏకముగా పోతపోసిన హ్యాండిళ్లలో లక్ష రూపాయలు దాటినవియు కలవు. భంగిమ అదివరకే కుదిరిన వానికి అవి చేర్చునది కొద్దిపాటి వేగమే. క్షణములతో బహుమతులు తారుమారగు వానికే అవి తగును.

ఇంకొక మాట. ముంజేతులు కమ్మీలపై నున్నప్పుడు వ్రేళ్లు బ్రేకులకు దూరముగా నుండును. లారీలు, ఆటోలు, గుంతలు గల జీడిమెట్ల వీథులలో ఆ భంగిమ ప్రాణాంతకము. బాట నిర్జనముగను, చక్కగను ఉన్నచోటనే దానిని అభ్యసింపవలెను. ఇంటిలోని పెద్దలు ఖర్చును గూర్చి అడుగుటకు ముందు ఈ సంగతిని అడుగుట మేలు. దీనికి సరియైన సమాధానము చెప్పగల యువకునికి కమ్మీలు కొనియిచ్చుటలో నష్టము లేదు. లక్ష రూపాయల హ్యాండిలు మాట అతడు రెండు మూడు పందెములు ముగించిన తరువాత చూడవచ్చును.