కంప్యూటరు ధ్వని నాణ్యత

కంప్యూటరు ధ్వని నాణ్యత అనగా డెస్క్‌టాప్ కంప్యూటరు నుండి వెలువడే పాట, మాట లేదా మరే శబ్దమైనా మొదట రికార్డు చేసిన ధ్వనికి ఎంత దగ్గరగా ఉన్నదో తెలిపే లక్షణం. ఇది ఏ ఒక్క పరికరంపైనో ఆధారపడదు. ఫైలు, సాఫ్ట్‌వేరు, సౌండు కార్డు, తీగలు, యాంప్లిఫయరు, స్పీకర్లు, చివరకు గది కూడా దీనిని నిర్ణయిస్తాయి. వీటిలో ఏది నాసిగా ఉంటే వినిపించే ధ్వని దాని స్థాయికే పరిమితమవుతుంది. అందువలన ఖరీదైన సౌండు కార్డు కొనడానికి ముందు స్పీకర్లను సరైన చోట ఉంచడం, విద్యుత్ రొదను తొలగించడం, సాఫ్ట్‌వేరు అమరికలను సరిచూడడం వంటి పనులు చేయడం మేలు. వీటికి ఖర్చు దాదాపు ఉండదు.

చరిత్ర

1981లో ఐ.బి.ఎం. విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో ఒక చిన్న స్పీకరు మాత్రమే ఉండేది. అది ముఖ్యంగా "బీప్" వంటి కూతలకే ఉపయోగపడేది. 1987లో కెనడాకు చెందిన యాడ్‌లిబ్ సంస్థ యమహా వారి వై.ఎం.3812 చిప్పుతో ఒక సంగీత కార్డును విడుదల చేసింది. 1989లో సింగపూరుకు చెందిన క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టర్ కార్డును తెచ్చింది. కృత్రిమంగా పుట్టించిన సంగీతంతో పాటు రికార్డు చేసిన ధ్వనిని కూడా ఇది వినిపించగలిగేది. 1992లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16 కార్డు సీడీలలో వాడే 16 బిట్ల, 44.1 కిలోహెర్ట్జ్‌ల ధ్వనిని కంప్యూటరుకు అందించింది.

ఇంటెల్ సంస్థ 1997లో ఏసీ'97 ప్రమాణాన్ని, 2004లో హై డెఫినిషన్ ఆడియో ప్రమాణాన్ని ప్రకటించింది. ఆ తరువాత ధ్వని చిప్పు మదర్‌బోర్డులోనే భాగమై, సాధారణ వాడుకకు విడి సౌండు కార్డు అవసరం తగ్గిపోయింది.

ధ్వని ప్రయాణించే మార్గం

కంప్యూటరులో ధ్వని అంకెల రూపంలో ఉంటుంది. సీడీ ప్రమాణం ప్రకారం ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్లలో భద్రపరుస్తారు. ఒక తరంగాన్ని నష్టం లేకుండా తిరిగి నిర్మించాలంటే దానిలోని గరిష్ఠ పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలవాలి. మనిషి చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకే వినగలదు కాబట్టి ఈ వేగం వినడానికి సరిపోతుంది. 16 బిట్ల వలన అతి చిన్న, అతి పెద్ద శబ్దాల మధ్య సుమారు 96 డెసిబెల్‌ల తేడా సాధ్యమవుతుంది.

ఈ అంకెలను విద్యుత్ తరంగంగా మార్చే భాగాన్ని డి.ఎ.సి. లేదా "డాక్" అంటారు. తరువాత యాంప్లిఫయరు ఆ తరంగం బలాన్ని పెంచుతుంది. స్పీకరు దానిని గాలిలో కంపనాలుగా మారుస్తుంది. ఈనాటి మదర్‌బోర్డులలోని డాక్‌లు కూడా సాధారణ శ్రవణానికి సరిపోతాయి. ధ్వని ఎక్కువగా చెడిపోయేది ఈ మార్పిడి జరిగిన తరువాతనే.

రొద, దాని నివారణ

స్పీకర్ల నుండి వచ్చే అనవసర శబ్దాన్ని బట్టి దాని కారణాన్ని చాలావరకు ఊహించవచ్చు.

* బుస: పాట లేనప్పుడు కూడా "స్స్" మని వినిపించేది. కంప్యూటరులో ధ్వని తగ్గించి, స్పీకరు మీది మీటను బాగా పెంచినప్పుడు ఇది ఎక్కువవుతుంది. కంప్యూటరులో ధ్వనిని దాదాపు పూర్తిగా ఉంచి, స్పీకరు మీటను తగ్గిస్తే బుస తగ్గుతుంది.

* కీచు శబ్దం: మౌసు కదిపినప్పుడో, తెర మీది పేజీ జరిపినప్పుడో మారుతూ వినిపించేది. క్యాబినెట్టు లోపల ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు వంటివి వాడే విద్యుత్తులోని హెచ్చుతగ్గులు ధ్వని సంకేతంలో కలవడం దీనికి కారణం. ముందు వైపు జాక్‌కు వెళ్ళే తీగ పొడవైనది కనుక అక్కడ ఇది ఎక్కువ. వెనుక ఉన్న ఆకుపచ్చ జాక్‌కు మార్చి చూడాలి. అప్పటికీ తగ్గకపోతే క్యాబినెట్టు బయట ఉండే యు.ఎస్.బి. డాక్ వలన ప్రయోజనం ఉండవచ్చు.

* హోరు: ఎడతెగకుండా "గుయ్" మనే శబ్దం. భారతదేశంలో విద్యుత్ సరఫరా పౌనఃపున్యం 50 హెర్ట్జ్‌లు కాబట్టి ఈ హోరు 50 హెర్ట్జ్‌లు, దాని గుణిజాల వద్ద వినిపిస్తుంది. కంప్యూటరు, యాంప్లిఫయరు వేరువేరు చోట్ల ఎర్తుకు కలిసి ఉంటే, వాటి మధ్య ఉన్న ధ్వని తీగ ద్వారా ఒక వలయం ఏర్పడి స్వల్ప విద్యుత్తు ప్రవహిస్తుంది. దీనినే గ్రౌండ్ లూప్ అంటారు. రెండింటినీ ఒకే స్విచ్చి బోర్డుకు కలపడం మొదటి ఉపాయం. కాంతి ద్వారా సంకేతాన్ని పంపే ఆప్టికల్ తీగను వాడినా ఈ వలయం తెగిపోతుంది.

హోరు పోగొట్టడానికి త్రీపిన్ ప్లగ్గులోని పెద్ద పిన్నును విరిచివేయడం లేదా టూపిన్ ప్లగ్గు వాడడం ప్రమాదకరం. ఆ పిన్ను ఎర్తు తీగకు చెందినది. లోపల ఏదైనా తీగ క్యాబినెట్టుకు తగిలితే, ఎర్తు లేనప్పుడు ఆ లోహపు పెట్టెను ముట్టుకున్నవారికి ప్రాణాపాయం కలుగుతుంది. క్యాబినెట్టును తాకినప్పుడు చేయి జిల్లుమంటే ఎర్తింగు సరిగా లేకపోయి ఉండవచ్చు. అటువంటప్పుడు ముందుగా ఎలక్ట్రీషియనుతో ఎర్తింగును సరిచేయించాలి.

స్పీకర్లు

ధ్వనిలో స్పష్టంగా తెలిసే తేడాలు ఎక్కువగా స్పీకర్ల వలననే కలుగుతాయి. భారతీయ విపణిలో చవక స్పీకర్ల పెట్టెలపై వందలు, వేల వాట్ల పి.ఎం.పి.ఓ. సంఖ్యలు ముద్రించడం చాలాకాలం సాగింది. దీనిని కొలవడానికి అందరూ అంగీకరించిన పద్ధతి లేదు. కొనేటప్పుడు ఆర్.ఎం.ఎస్. వాట్ల సంఖ్యను చూడాలి. అయితే వాట్లు ధ్వని ఎంత బిగ్గరగా రాగలదో సూచిస్తాయే గాని, ఎంత స్వచ్ఛంగా వస్తుందో తెలుపవు.

స్పీకర్లను అమర్చేటప్పుడు ఈ విషయాలు గమనించాలి.

* రెండు స్పీకర్లు, వినేవారి తల ఒక సమబాహు త్రిభుజం యొక్క మూడు శీర్షాలుగా ఉండాలి.
* ధ్వని గాలిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఒక స్పీకరు 34 సెంటీమీటర్లు దూరంగా ఉంటే దాని ధ్వని మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. ఈ మాత్రం తేడాకే, నడుమ నుండి వినిపించవలసిన గాయకుని గొంతు దగ్గరి స్పీకరు వైపు జరిగినట్లు తోస్తుంది.
* హెచ్చు పౌనఃపున్యాలను వినిపించే చిన్న స్పీకరును ట్వీటరు అంటారు. అది చెవి ఎత్తులో, చెవికి అభిముఖంగా ఉండాలి. బల్లపై నేరుగా పెట్టిన స్పీకరు ధ్వని బల్ల ఉపరితలంపై పరావర్తనం చెంది అసలు ధ్వనితో వ్యతికరిస్తుంది. స్పీకర్ల కింద ఎత్తు పెట్టి, కాస్త పైకి వంచితే ఈ దోషం తగ్గుతుంది.
* స్పీకరును గోడకు ఆనించినా, మూలలో పెట్టినా మంద్ర ధ్వనులు అతిగా పెరిగి మాటలు అస్పష్టమవుతాయి.

గది

ఖాళీ గోడలు, నున్నని గచ్చు ఉన్న గదిలో ప్రతినాదం ఎక్కువ. మందమైన తెరలు, తివాచీ, పరుపు, పుస్తకాల అలమర దీనిని తగ్గిస్తాయి. మంద్ర ధ్వనుల తరంగదైర్ఘ్యం కొన్ని మీటర్ల వరకు ఉంటుంది కనుక వాటిపై పలుచని తెరల ప్రభావం ఉండదు. స్పీకర్లకు దగ్గరగా కూర్చుంటే గది ప్రభావం తగ్గి, నేరుగా వచ్చే ధ్వని ఎక్కువగా వినబడుతుంది.

హెడ్‌ఫోన్లు

గది ప్రభావం లేకుండా వినడానికి హెడ్‌ఫోన్లు మంచి మార్గం. సాధారణ హెడ్‌ఫోన్ల ఇంపెడెన్సు తరచుగా 16 నుండి 32 ఓమ్‌లు. స్టూడియోలలో వాడే కొన్నింటికి 250 లేదా 300 ఓమ్‌లు ఉంటుంది. ఇటువంటివాటికి మదర్‌బోర్డు జాక్ ఇచ్చే వోల్టేజి చాలకపోతే విడిగా హెడ్‌ఫోన్ యాంప్లిఫయరు కావాలి.

సాఫ్ట్‌వేరు, ఫైళ్ళు

ఈక్వలైజరులో అన్ని మీటలను పైకి జరిపితే తరంగ శిఖరాలు తెగిపోయి ధ్వని పగిలినట్లు వినిపిస్తుంది. కావలసినదానిని పెంచడం కన్న అక్కరలేనిదానిని తగ్గించడం మంచిది. విండోస్‌లోని "ఎన్‌హాన్స్‌మెంట్స్" అమరికలను ఆపి, తేడాను విని చూడవచ్చు.

సీడీలోని ధ్వని సెకనుకు 1,411 కిలోబిట్లు. ఎంపీ3 పద్ధతి చెవి గుర్తించలేని భాగాలను తొలగించి దీనిని 128 లేదా 320 కిలోబిట్లకు తగ్గిస్తుంది. 2001లో విడుదలైన ఫ్లాక్ పద్ధతిలో పరిమాణం తగ్గినా సమాచారం ఏమీ పోదు. 128 కిలోబిట్ల ఫైలును ఫ్లాక్‌గా మార్చినందువలన, ఒకసారి పోయిన భాగం తిరిగి రాదు.

వినికిడి రక్షణ

రొద తగ్గి ధ్వని స్వచ్ఛమైనపుడు తక్కువ స్థాయిలోనే అన్నీ వినిపిస్తాయి. ధ్వనిని మెరుగుపరచడం వలన కలిగే ముఖ్యమైన మేలు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్‌ల ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 డెసిబెల్‌లకు చేరితే ఈ పరిమితి 4 గంటలకు తగ్గుతుంది. అతి బిగ్గర ధ్వని వలన లోపలి చెవిలోని రోమ కణాలు నశిస్తే మళ్ళీ పుట్టవు.

లోపాన్ని గుర్తించే క్రమం

మొదట అదే స్పీకర్లకు కంప్యూటరు బదులు ఒక మొబైల్ ఫోనును కలిపి చూడాలి. రొద ఆగిపోతే లోపం కంప్యూటరులోనో, దాని ఎర్తు వలయంలోనో ఉన్నట్లు. రొద అలాగే ఉంటే స్పీకర్లను, తీగలను పరీక్షించాలి. రొద లేకపోయినా పాట బాగాలేకపోతే వేరొక మంచి ఫైలుతోను, హెడ్‌ఫోన్లతోను విని చూడాలి. హెడ్‌ఫోన్లలో బాగుండి స్పీకర్లలో బాగా లేనప్పుడు స్పీకర్లను, వాటి స్థానాన్ని, గదిని సరిచూడాలి. అప్పుడు కొత్త సౌండు కార్డు కొన్నా ఫలితం ఉండదు.

ఇవి కూడా చూడండి

* ధ్వని
* స్పీకరు
* మదర్‌బోర్డు
* డెసిబెల్