మచిలీపట్నం: దక్కనుకు సముద్రం చూపిన రేవు

మచిలీపట్నం ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణా జిల్లా కేంద్రం, బంగాళాఖాతపు తీరంలోని పాత రేవు పట్టణం. జనం నోట దాని పేరు బందరు. 16వ శతాబ్దం చివరి నుంచి నూరేళ్ల పాటు ఇది గోల్కొండ కుతుబ్ షాహీల ప్రధాన రేవు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు కోరమాండల్ తీరంలో పోటీపడి వర్తకం చేసిన చోటు. మద్రాసుకు ముందు ఈ తీరంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి పెద్ద నెలవు ఇదే. తెలంగాణలో పడమటి అంచున ఉన్న వికారాబాద్, తాండూరు ఈ సముద్రానికి 400 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాయి. అయినా నీళ్లు, ఉప్పు, రైలు ఈ రెండు చివరలనూ కలుపుతూనే వచ్చాయి. పడమటి ఊళ్లవారు బందరు చూడబోవడమంటే తమ నేల చరిత్రలో ఒక సగాన్ని చూడబోవడమే.

నీటి దారి

వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో మూసీ నది పుడుతుంది. తూర్పుకు పారి, హైదరాబాదు నడుమగా సాగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తాండూరు పక్కగా పారే కాగ్నా నదిది ఎదురు దిక్కు. అది పడమరగా కర్ణాటకలోకి వెళ్లి భీమలో కలుస్తుంది, భీమ రాయచూరు ప్రాంతంలో కృష్ణను చేరుతుంది. అలా ఒకే జిల్లా నుంచి చెరో దిక్కుకు పోయిన నీళ్లు వాడపల్లి దగ్గర మళ్లీ ఒక్కటవుతాయి. బెజవాడ (నేటి విజయవాడ) దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయ్యాక ఆ నీరు కాలువల్లోకి మళ్లింది. వాటిలో ఒకటి నేరుగా మచిలీపట్నానికి పోయే బందరు కాలువ. ఆ కాలువ పక్కగా సాగే దారికి విజయవాడలో నేటికీ బందరు రోడ్డనే వాడుక. కాలువలు తాగగా మిగిలిన కృష్ణ మచిలీపట్నానికి దక్షిణంగా, దివిసీమలోని హంసలదీవి వైపు సముద్రంలో కలుస్తుంది.

పేరు, ప్రాచీన కాలం

బందరు పారశీక పదం. అర్థం రేవు. ఇరాన్ వర్తకులు, ఓడల యజమానులు ఇక్కడ ఎంతగా స్థిరపడ్డారంటే, రేవు అన్న మాటే ఊరి పేరైపోయింది. మచిలీ అన్న భాగం చేపను సూచిస్తుందని జనశ్రుతి. అయితే గ్రీకు రచనలు చూస్తే ఈ తీరానికి అంతకన్నా పాత పేరొకటి కనిపిస్తుంది. క్రీ.శ. 1వ శతాబ్దపు ‘పెరిప్లస్’ గ్రంథం మసాలియా అనే సీమను, అక్కడ నేసే సన్నని నూలు బట్టలను పేర్కొంది. 2వ శతాబ్దపు టాలెమీ దీన్ని మైసోలియా అన్నాడు. అతను చెప్పిన కొంటకోస్సిల, మచిలీపట్నానికి దగ్గరలోని బౌద్ధ క్షేత్రం ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు. ఘంటసాలలో దొరికిన ఒక శాసనం శివకుడనే మహానావికుణ్ణి ప్రస్తావిస్తుంది. బట్ట, ఓడ ఈ తీరానికి కుతుబ్ షాహీలు ఇచ్చినవి కావు. అవి రాజ్యాల కన్నా పాతవి.

కాకతీయుల కాలంలో ఈ తీరాన పేరుపొందిన రేవు మోటుపల్లి. క్రీ.శ. 1244లో గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకుల హక్కుల పత్రం లాంటిది. అంతకుముందు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునేవారు. అది వర్తకులదేనని, ముప్పైకి ఒకటి చొప్పున సుంకం తప్ప మరేదీ తీసుకోమని ఆ శాసనం మాట ఇచ్చింది. రుద్రమదేవి పాలించిన ఈ రాజ్యం గురించి, ఇక్కడి వజ్రాల, సన్నని వస్త్రాల గురించి వెనిస్ యాత్రికుడు మార్కోపోలో రాశాడు.

గోల్కొండ రేవు

కుతుబ్ షాహీ సుల్తానులు కృష్ణా ముఖాన్ని గట్టిగా పట్టుకున్నాక మచిలీపట్నం వెలిగింది. ఇక్కడి నుంచి ఓడలు పెగూ, అచే, మలక్కా, హోర్ముజ్, ఎర్రసముద్రపు రేవులకు వెళ్లేవి. నూలు బట్టలు, కలంకారీ, నీలిమందు, ఉక్కు, వజ్రాలు బయటికి పోయేవి. సుగంధ ద్రవ్యాలు, తగరం, గుర్రాలు, వెండి, బంగారం లోపలికి వచ్చేవి. 1630లలో ఈ పట్టణానికి హవల్దారుగా, అంటే పాలనాధికారిగా ఉన్న మీర్ మహమ్మద్ సయీద్‌కు సొంత ఓడలుండేవి. తరువాత మీర్ జుమ్లాగా దక్కను రాజకీయాలను తిప్పినవాడు ఇతనే.

రేవు నుంచి గోల్కొండకు పోయే దారి బండ్లకూ ఎద్దుల మందలకూ నిత్యం తెరిచి ఉండేది. రాజధానికి తూర్పున హయత్‌నగర్, పంతంగి ఆ దారిలోని మజిలీలు. లంబాడీలు వేల ఎద్దుల మీద తీరం ఉప్పును పీఠభూమికి, పీఠభూమి ధాన్యాన్ని కిందికి మోసేవారు. వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల నేడున్న తండాలు చూసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దక్కను కూటిలో ఉప్పు రుచి వారి నడక పుణ్యమే.

ఈ ఊరి గురించి రాసిన విదేశీయుల మాటల్లో మెప్పూ విమర్శా కలిసే ఉంటాయి. 1618 నుంచి 1622 దాకా ఇంగ్లీషు వర్తక కోఠీలో పనిచేసిన విలియం మెత్వోల్డ్, జనంతో కిటకిటలాడే ఊరే గాని కోటగోడలు లేవని, ఇళ్లు నాసిగా ఉన్నాయని, కట్టిన చోటు అంతకన్నా నాసి అని రాశాడు. 1652లో దిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే కొయ్య ఇళ్ల సంగతి చెబుతూనే, బంగాళాఖాతంలో ఓడలు లంగరు వేయడానికి ఇంతకన్నా మంచి చోటు లేదన్నాడు. ఇద్దరి మాటా నిజమే. ఊరి చుట్టూ చిత్తడి నేల, ఉప్పు కయ్యలు. తీరం లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు దూరంగా ఆగేవి, సరుకు చిన్న పడవల మీద ఒడ్డుకు చేరేది. ఊరి బలం నేలలో లేదు, వెనకనున్న రాజ్యంలోనూ ఇక్కడి చేతిపనిలోనూ ఉంది.

కలంకారీ

ఆ చేతిపనికి మకుటం కలంకారీ. ముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెడతారు. ఇనుప తుప్పు, బెల్లం ఊరిన ద్రావణంతో నలుపు గీతలు అచ్చు వేస్తారు. ఎరుపు కావలసిన చోట పటిక పూసి, రంగునీటిలో ఉడకబెడతారు. పటిక తగిలిన చోటే రంగు పట్టుకుంటుంది, మిగతా చోట్ల కడుగుడుకు పోతుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. ఎంత ఉతికినా వెలిసిపోని ఆ రంగే ఐరోపా వారిని ఆశ్చర్యపరిచింది. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే, బందరు ప్రాంతంలో చెక్క అచ్చులతో వేయడం వాడుక. ఇరాన్ గిరాకీ వల్ల తీగలు, పూలు, మామిడి పిందెలు ఇక్కడి అచ్చుల్లో నిలిచిపోయాయి. ఇప్పుడు ఈ పనికి కేంద్రం పక్కనున్న పెడన.

కంపెనీల కాలం

1605లో డచ్చివారు, 1611లో ‘గ్లోబ్’ ఓడ మీద ఇంగ్లీషువారు వచ్చారు. స్థానిక అధికారులతో పొసగక ఇంగ్లీషువారు 1628లో దక్షిణాన ఆరుముగానికి మకాం మార్చారు, కానీ అక్కడ మంచి బట్ట దొరకక రెండేళ్లకే తిరిగొచ్చారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన ‘బంగారు ఫర్మానా’ ఏటా కట్టే నిర్ణీత మొత్తానికి బదులుగా రాజ్యంలోని రేవుల్లో వారికి సుంకాల బాధ తప్పించింది. 1639లో మద్రాసులో చోటు సంపాదించాక, 1641లో కంపెనీ ముఖ్య నెలవు అక్కడికి తరలింది. ఫ్రెంచివారు 1669లో ఇక్కడ కోఠీ తెరిచారు.

1687లో గోల్కొండ మొగలుల చేతికి చిక్కింది. దర్బారు పోయాక కొనుగోలుదారు పోయాడు, పెట్టుబడి పోయింది, ఓడలు మద్రాసు దారి పట్టాయి. 1750లో ఫ్రెంచివారు మచిలీపట్నాన్ని స్వాధీనం చేసుకున్నారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు బందరు కోట మీద రాత్రి దాడి చేసి, కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలోని ఫ్రెంచి సైన్యాన్ని లొంగదీశాడు. ఫ్రెంచివారికి సాయంగా బయలుదేరిన నిజాం సలాబత్ జంగ్, కోట పడిందని తెలిసి ఇంగ్లీషువారితోనే ఒప్పందం చేసుకున్నాడు. ఉత్తర సర్కారుల మీద ఇంగ్లీషు పట్టుకు అదే మొదలు, హైదరాబాదు రాజ్యం సముద్రానికి దూరం కావడానికీ అదే మొదలు.

ఉప్పెన, రైలు

1864 నవంబరు 1 రాత్రి తుపాను ఉప్పెన ఊరిని ముంచెత్తింది. సుమారు 30,000 మంది చనిపోయారు. ఉప్పునీరు మైళ్ల కొద్దీ పొలాల్లోకి పాకింది. అప్పటికే వర్తకం సన్నగిల్లిన ఊరు ఆ దెబ్బ నుంచి రేవుగా మళ్లీ తేరుకోలేదు.

పదేళ్లకు రెండో దెబ్బ నీళ్ల చప్పుడు లేకుండా పడమటి నుంచి వచ్చింది. 1874లో వాడి జంక్షను నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం తెరుచుకుంది. అది తాండూరు, వికారాబాద్ మీదుగా వచ్చి హైదరాబాదును బొంబాయి రైలుదారికి కలిపింది. గోల్కొండ కాలం నుంచి తూర్పు రేవును నమ్ముకున్న రాజధానికి ఇక బొంబాయే దగ్గరి సముద్రమైంది. పాయిగా ప్రభువు, 1893 నుంచి 1901 దాకా హైదరాబాదు ప్రధానమంత్రి అయిన వికార్ ఉల్ ఉమ్రా పేరు మీద వెలసిన వికారాబాద్ ఈ దారిలోనే జంక్షనుగా ఎదిగింది. తాండూరు నాపరాయి దూర ప్రాంతాలకు చేరడానికీ రైలే ఆసరా. రెండు ఊళ్ల ఎదుగుదల, బందరు తగ్గుదల ఒకే మార్పుకు రెండు ముఖాలు. హైదరాబాదు రైలు 1889లో బెజవాడ చేరింది. మచిలీపట్నానికి పట్టాలు పడింది 1908లో. అప్పటికి ఆలస్యమైపోయింది.

రేవు పోయాక

ఓడలు తగ్గినా ఊరు ఆలోచించడం మానలేదు. 1843లో రాబర్ట్ నోబుల్ నెలకొల్పిన బడి నోబుల్ కళాశాలగా పెరిగింది. 1902లో ‘కృష్ణా పత్రిక’ మొదలై, తరువాత ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో తెలుగునాట జాతీయోద్యమానికి గొంతుకైంది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. జాతీయ జెండాకు రూపమిచ్చిన పింగళి వెంకయ్య అక్కడ పాఠాలు చెప్పారు. ఆయన పుట్టిన భట్లపెనుమర్రు ఈ జిల్లాలోనిదే. 1923లో పట్టాభి ఇక్కడే ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 2020లో అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

సందర్శన

బీదరు, మచిలీపట్నం మధ్య నడిచే ఎక్స్‌ప్రెస్ వికారాబాద్ జంక్షన్ మీదుగా పోతుంది. వాడి మార్గంలోని తాండూరువారు వికారాబాద్ వచ్చి ఆ బండి ఎక్కవచ్చు. సికింద్రాబాదు, విజయవాడ, గుడివాడ దాటి అది సముద్రపు ఊరు చేరుతుంది. కొండ మీద పుట్టిన మూసీ నీళ్లు పోయే దిక్కుకే రైలూ పోతుంది.

వెళ్లినవారు ముందు చూడవలసింది డచ్చి సమాధుల తోట. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఆ రాళ్ల మీద 17, 18 శతాబ్దాల పేర్లు, వంశ చిహ్నాలు చెక్కి ఉన్నాయి. రాతి పని తెలిసిన తాండూరువారు ఆ చెక్కడాల దగ్గర కాసేపు నిలబడక మానరు. తరువాత బందరు కోట శిథిలాలు, చిలకలపూడి పాండురంగని గుడి, మంగినపూడి తీరం, గిలకలదిండి చేపల రేవు. చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు పెట్టింది పేరు. బందరు లడ్డును తొక్కుడు లడ్డు అనడానికి కారణం, వేయించిన శనగపిండిని రోట్లో దంచి, బెల్లం పాకం పట్టి మళ్లీ దంచడమే. ఒక పూట పెడనకు కేటాయించి, అచ్చు గుడ్డ మీద పడే దెబ్బను చెవులారా వినాలి.

జర్మనీలోని ల్యూబెక్ కూడా నది పక్కన వెలసి, సముద్ర వర్తకంతో బతికిన ఊరే. దాని ఇటుక గిడ్డంగులూ గోపురాలూ నిలిచాయి. 1987లో యునెస్కో ఆ పాత పట్టణాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. కొయ్య ఇళ్ల బందరుకు ఆ అదృష్టం లేదు. ఉప్పెన గోడల్ని కడిగేసింది. అందుకే ఇక్కడి వారసత్వం కట్టడాల్లో కన్నా చేతుల్లో ఎక్కువగా ఉంది. అచ్చు చెక్కేవాడి చేయి ఆగితే, కూలిన కోటను కట్టినట్టు దాన్ని తిరిగి కట్టలేం.

2023లో మచిలీపట్నంలో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. అది పూర్తయి ఓడలు ఆగితే, నూటయాభై ఏళ్లుగా పడమరకు తిరిగి ఉన్న తాండూరు నాపరాయికీ కందిపప్పుకూ తూర్పు సముద్రం మళ్లీ ఒక దారి కావచ్చు. కొత్త దారి కాదది. లంబాడీ ఎద్దులు నడిచిన దారే.