పేరులేని నేరం

మిర్చి కోతల రోజుల్లో తెల్లవారకముందే పల్నాడు రోడ్లన్నీ ఆటోలే. సీట్లకు మించి కూలీలు, వెనక వేలాడే కాళ్లు, పైన క్యారేజీ సంచులు. ముందు కూర్చున్న డ్రైవరు తల మాత్రం ఓ పక్కకు వాలి ఉంటుంది. చెవికీ భుజానికీ నడుమ ఫోను ఇరికించి, ‘ఎక్కడిదాకా వచ్చార్రా’ అని అడుగుతున్న మేస్త్రికి జవాబు చెబుతుంటాడు. బైకు మీదివాడు ఫోన్‌ను హెల్మెట్‌లోకి దూరుస్తాడు. పోలీసు ఆపితే ఇద్దరి నోటా ఒకటే మాట: ‘చేత్తో పట్టుకోలేదు కదండీ!’

ఆ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది.

నిర్లక్ష్యంగా బండి తోలడాన్ని నేరంగా చూపిన 279వ సెక్షన్ 1860 నాటి భారత శిక్షాస్మృతిలోది. ఎడ్లబండ్లు, గుర్రపు బగ్గీలు తిరిగిన కాలమది. అయినా మాచర్లలోనో గురజాలలోనో రోడ్డు ప్రమాదం జరిగితే 2024 జూన్ దాకా ఎఫ్ఐఆర్‌లో రాసింది ఆ సెక్షనే. ప్రాణం పోతే 304-ఏ. ఆ జూలై నుంచి వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత 281, 106 సెక్షన్లు వచ్చాయి. మోటారు వాహనాల చట్టాలదీ అదే తీరు. 1939 చట్టంలో 116, 1988 చట్టంలో 184 ‘ప్రమాదకరంగా నడపడం’ అని మాత్రమే అన్నాయి. 1988లో మన దేశంలో సెల్‌ఫోనే లేదు కనుక చట్టాన్ని తప్పుపట్టలేం. 1995 జూలై 31న కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో తొలి మొబైల్ కాల్ మాట్లాడారు. మొదట్లో ఫోను ఎత్తినందుకూ డబ్బు కట్టాలి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఫోను లారీ క్యాబిన్‌లోకీ ఆటోలోకీ వచ్చేసింది.

న్యూయార్క్ రాష్ట్రం 2001లో, బ్రిటన్ 2003లో డ్రైవరు చేతిలో ఫోన్‌ను పేరుపెట్టి నిషేధించాయి. మన దగ్గర 184లో ఆ మాట చేరడానికి 2019 సెప్టెంబరు 1 దాకా పట్టింది. ఈలోగా 2015 ఆగస్టులో, సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రత కమిటీ, ఫోన్‌లో మాట్లాడుతూ నడిపేవారి లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయమని రాష్ట్రాలకు చెప్పింది. 2018లో కేరళ హైకోర్టు, జనానికి ప్రమాదం కలిగించకుండా కేవలం ఫోన్‌లో మాట్లాడినంత మాత్రాన ఆ రాష్ట్ర పోలీసు చట్టం కింద నేరం కాదని తేల్చింది. తీర్పు చాలామందికి మింగుడుపడలేదు. కోర్టు ఉన్న చట్టాన్నే చదివింది. లోపం ఆ మాటను చట్టంలో రాయనివాళ్లదని నా అభిప్రాయం.

ఇప్పుడు మొదటిసారి పట్టుబడితే వెయ్యి నుంచి 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదంటే రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే జైలు రెండేళ్లకూ, జరిమానా 10 వేలకూ పెరగవచ్చు. దారి చూసుకోవడానికి మాత్రం, ధ్యాస చెదరనంతవరకు, ఫోన్ వాడుకోవచ్చని 2020 అక్టోబరులో నిబంధన మార్చారు.

కానిస్టేబుల్ కంటికి కనిపించేది చెయ్యి. అందుకే ఈ చట్టాలన్నీ చేతి దగ్గరే ఆగాయి. కానీ 1997లోనే టొరంటోలో ఫోన్ ఉన్న 699 మంది డ్రైవర్ల ప్రమాదాలను, వాళ్ల కాల్ వివరాలను పరిశోధకులు పక్కపక్కన పెట్టి చూశారు. ఫోన్‌లో ఉండగా ప్రమాదావకాశం దాదాపు నాలుగింతలని తేలింది. చేతిలో పట్టుకోని ఫోను అంతకంటే భద్రమనీ తేలలేదు. భుజం మీద ఇరికించుకున్నా చూపు రోడ్డు మీద, మనసు మేస్త్రి మాట మీద ఉంటుంది.

మన తెలుగు నేల మీద 2014 జూలై 24ను ఎవరూ మరిచిపోలేరు. మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో స్కూలు బస్సును రైలు ఢీకొంది. పదిహేనుకు పైగా ప్రాణాలు పోయాయి, దాదాపు అంతా చిన్నపిల్లలే. డ్రైవరు ఫోన్‌లో ఉన్నాడని ఆనాడు పత్రికలు రాశాయి. కాపలా లేని గేట్లకు ఇప్పుడు కాలం చెల్లింది. ఫోన్లకు చెల్లలేదు. 2021లో ఫోన్ వాడకం వల్ల దేశంలో 1,997 ప్రమాదాలు జరిగి, 1,040 మంది చనిపోయారని కేంద్రం లెక్క. అసలు సంఖ్య ఇంతకంటే చాలా ఎక్కువే ఉంటుందని నేను నమ్ముతాను. ప్రమాదం చేసినవాడు ‘ఫోన్‌లో ఉన్నానండీ’ అని పోలీసుల ముందు తనంతట తాను ఎందుకు ఒప్పుకుంటాడు?

ఇంతకీ ఆ ఫోన్ చేసిందెవరు? మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్తున్న లారీకి ఓనరు చేస్తాడు, కమిషన్ వ్యాపారి చేస్తాడు, ఇంటావిడ చేస్తుంది. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేస్తారు. రేపటి కిరాయి పోతుందన్న భయంతో డ్రైవరు ఎత్తుతాడు. చలానా మాత్రం అతనికే. స్టీరింగ్ దాటి చూడటం చట్టానికి చేతకాని పనేం కాదు. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా వాహన యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా అంటూ అదే 2019 సవరణ 199-ఏ సెక్షన్ తెచ్చింది. బండి కదులుతోందని తెలిసీ పని కోసం వదలకుండా ఫోన్ చేసే యజమానినీ, మేస్త్రినీ ఆ వరసలో చేర్చాలి.