ఏ ఓబులేసు?

కూచో అబ్బీ. ఆ ఫోను రోంత పక్కన పెట్టు, చలిమంట కాడ దానికేం పని? డేటాబేసు మెల్లగా నడుస్తాందని రాత్రంతా మేలుకుంటివంట గదా, మీ అమ్మ చెప్పింది. కొత్త డిస్కులు కొనమని కంపెనీ వాళ్లకు చెప్తివంట. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు కాదు గదా ఆ యవ్వారం? కోపం తెచ్చుకోవద్దులే. మీరు చేసే పనే మేము కాగితాల మీద చేసినోళ్లం, అందుకని అడుగుతాండా.

రిజిస్ట్రేషను శాఖలో నేను గుమాస్తాగా ఉన్న కాలంలో ఆఫీసు ముందర చెట్టు కింద దస్తావేజులు రాసేవాళ్ల బల్లలు వరసగా ఉండె. చెవి మీద పెన్ను, పక్కన నీలంనలుపు సిరాబుడ్డి. సాక్షులకు చాయి, బోండా కొన్నోడే ఇప్పించాల, అది మర్యాద. చాయి పదిహేను పైసలే అయినా, ఎవరి సాక్షి ఎన్ని తాగినాడని పగలంతా తగాదా. ఆ బల్ల మీద చెక్కుబందీ చెప్తాంటే వినాల నువ్వు: తూర్పుకు ఓబులేసు చేను, పడమరకు బండ్ల బాట, ఉత్తరానికి వంక, దక్షిణానికి మద్దిలేటి కల్లం. ఆ ఓబులేసు పోయి ముప్పై ఏండ్లయినా, కొడుకులు చేను అమ్ముకొని పోయినా, చెక్కుబందీలో మాత్రం ఆయన బతికే ఉంటాండె. పాత దస్తావేజు చూసి కొత్తది రాసేవాళ్లకు చేను కాడికి పోయి చూసొచ్చే ఓపిక యాడిది?

రాసిన దస్తావేజును అక్షరం పొల్లు పోకుండా మేము పుస్తకంలోకి ఎక్కించాల. అంతా చేతిరాతే. స్థిరాస్తులకు ఒకటో పుస్తకం, వీలునామాలకు మూడోది, తక్కిన వాటికి నాలుగోది. రెండోది ఏందంటావా? ఇది రిజిస్టరు చెయ్యం పో అని తిప్పి పంపితే, ఎందుకు పంపితిమో రాసేది. తిట్లు తినేది మేము, కారణం రాసుకునేది కూడా మేమే.

ఇంగ అసలు సంగతికొస్తా. ఒకాయన వస్తాడు. ఫలానా పొలం కొంటాండా, దాని మీద తాకట్టేమన్నా ఉందేమో చూసి ఈసీ ఇమ్మంటాడు. పదమూడేండ్ల పుస్తకాలు పుట పుటా తిప్పితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే గదా. అందుకే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే ఇండెక్సులు రాయాలని చెప్పింది. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో. పేరు పట్టుకొని పోతే ఏ పుస్తకం, ఏ పుట అన్నది దొరుకుతాది. తెలివి అంటే అదీ.

ఆ తెలివికి మన సీమలో ఒక చిక్కు వచ్చిపడె. పక్కనే అహోబిలం. ఇంటికొక ఓబులేసు, వీధికి ఇద్దరు ఓబులమ్మలు. ఇంగోపక్క బేతంచెర్ల మద్దిలేటి స్వామి దయ, మద్దిలేటిలకు కొదవే లేదు. కొత్తగా వచ్చిన గుమాస్తా పేర్ల ఇండెక్సు తెరిచి, ఓబులేసు కనపడిన చోటంతా ఆ పుట నంబరు రాసుకొని, ఒక్కొక్క పుస్తకమే దించమని అటెండరును నిచ్చెన ఎక్కిస్తాండె. అటెండరు మనసులో ఏమనుకుంటాండెనో నేను చెప్పను. ముదురు గుమాస్తా అట్ల చెయ్యడు. ఊరు ఏది, సర్వే నంబరు ఎంత అని అడిగి నేరుగా రెండో ఇండెక్సు తీస్తాడు. చాయి చల్లారేలోపల పని అయిపోతాది.

నీ ఆరకిల్‌ డేటాబేసు కూడా ఆ కొత్త గుమాస్తా మాదిరిదే అబ్బీ. ఏ ఇండెక్సు తియ్యాలనేది అది స్టాటిస్టిక్సు చూసి లెక్కేసుకుంటాది. ఆ లెక్క ఎప్పటిదో పాతదైతే, ఓబులేసులు పదిమందే ఉన్నారనుకొని పేరు దారిన పోయి, పది లక్షల వరసల్లో చిక్కుకుంటాది. ముందు నువ్వు ఆ లెక్క కొత్తది చేయించినావా, అది ఏ దారిన పోతాందో చెప్పే ప్లాను తీసి చూసినావా? తల గోక్కుంటాండావంటే చూడలేదన్నమాట.

అట్లయితే ఇండెక్సులు ఇంకో పది పెడతా అంటావు. మా చేతిని అడుగు. ఒక్క అమ్మకానికి అమ్మినోని పేరు ఒక తావ, కొన్నోని పేరు ఒక తావ, పొలం కింద మళ్లా ఒకసారి రాయాల. వెతికేవానికి సుఖమైన ప్రతి ఇండెక్సూ రాసేవానికి బరువే.

రాత అంటే గుర్తొచ్చె. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కుంపెనీ ఇచ్చే భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఎనిమిది పైసల దాకా లెక్క రాసిన దొరలకు, అది తీసుకునే మనిషి కడుపుమంట ఏ పుస్తకంలోనూ ఎక్కలే. 1846 జులైలో ఆయన మన కోయిలకుంట్ల ఖజానా మీద పడె. 1847 ఫిబ్రవరి 22న ఈ ఊళ్లోనే ఉరి తీసిరి. యాడికో పోతి. డిస్కుల కాడికి వస్తా.

1956లో ఐబీఎం వాళ్ల మొదటి డిస్కు యంత్రం రామాక్‌లో 50 పళ్లేలు ఉండె, అన్నీ కలిసి 50 లక్షల అక్షరాలు పట్టె. నెల బాడుగ 3,200 డాలర్లు. 1980లో సీగేట్‌ వాళ్ల 5 మెగాబైట్ల డిస్కు 1,500 డాలర్లు. నీ పెండ్లి ఫోటో ఒక్కటి కూడా పట్టదేమో దాంట్లో. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు కావాల్సిన చోటికి తిరిగొచ్చేసరికే సగటున 4 మిల్లీసెకన్లు. 15,000 చుట్లదైతే 2. డిస్కు మీద చదివే చెయ్యి జరిగే కాలం దీనికి అదనం. అందుకే చెదురుమదురుగా అడిగితే మామూలు డిస్కు సెకనుకు వందసార్లు చదవడమే గొప్ప. ఎస్‌ఎస్‌డీకి ఆ చెయ్యీ లేదు, తిరగడమూ లేదు, నిజమే. ఉరికే అటెండరును పెట్టుకున్నావు గానీ, నువ్వు రాసిచ్చిన చీటీ తప్పైతే వాడేం చేస్తాడు?

మా శాఖకూ కంప్యూటర్లు వచ్చె. 1998 నవంబరు 4న రాష్ట్రంలో 214 ఆఫీసుల్లో ఒక్కసారే, రిజిస్ట్రేషన్లు కంప్యూటరులో చేసే ‘కార్డ్‌’ మొదలాయె. కంప్యూటరుకు బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి పోతాండిరి. మిషను మరిచిపోతాదేమోనని చాటుగా పుస్తకంలో కూడా రాసుకునే పెద్దమనుషులు ఉండిరి. ఒక ఆఫీసులో, ఏ ఊరని అడగొద్దు, బ్యాకప్పు టేపులను సర్వరు పక్కన బీరువాలోనే పెట్టి తాళమేసిరి. అవి తిరిగి ఎక్కుతాయో లేదో ఒక్కనాడన్నా చూసింటే గదా. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? నీ టేపులు ఎప్పుడు ఎక్కించి చూసినావో రేప్పొద్దున చెప్పు, ఇప్పుడొద్దులే.

ఇప్పుడు ఈసీ ఇంట్లో కూచొనే తీసుకుంటాండారు, మంచిదే. కానీ కంప్యూటరులో ఉండేది 1983 నుంచే. మీ తాత చేను సంగతి అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకు పోయి అర్జీ పెట్టి, ఆ పాత పుస్తకాలే తిప్పించాల. పోయేటప్పుడు ఊరు, సర్వే నంబరు, చెక్కుబందీ కాగితం మీద రాసుకొని పో.