జత్రుకాస్థికి లోహపు పలక

భుజమునకును ఱొమ్ముటెముకకును నడుమ అడ్డకఱ్ఱవలె నిలుచు ఎముకను జత్రుక యందుము. క్రిందపడినప్పుడు తఱచుగా విరుగు ఎముకలలో నిది యొకటి. కాపడము పెట్టి, క్రుంగినదానిని రోకలితో లేవనెత్తి, లేచినదానిని అదిమి, గట్టిగా కట్టుమని సుశ్రుతసంహిత బోధించినది. క్రీ.పూ. 1600 ప్రాంతపు ఈజిప్టు వైద్యగ్రంథము, రోగిని వెల్లకిల పరుండబెట్టి, రెక్కయెముకల నడుమ మడిచిన గుడ్డ నుంచి, భుజములను ఇరుప్రక్కలకు చాపి సరిచేయు మన్నది. మార్గములు వేఱైనను లక్ష్యమొక్కటే: విరిగిన కొనలను ఎదురెదురుగా నిలుపుట.

నిలుపుటకన్న నిలిచియుండునట్లు చేయుట కష్టము. చేయి కదలినంతనే కట్టు క్రింద ఎముక జరుగును. మత్తుమందును, లిస్టరు నేర్పిన క్రిమినాశన విధానమును వచ్చిన పిదప, 1886లో హాంబర్గు వైద్యుడు కార్ల్ హన్స్‌మన్ విరిగిన ఎముకలపై లోహపు పలకను మరమేకులతో బిగించు పద్ధతిని ప్రకటించెను.

అయినను జత్రుకకు కట్టే చాలునన్న నమ్మకము పోలేదు. 1960లో అమెరికా వైద్యుడు చార్లెస్ నీర్, శస్త్రము లేక చికిత్స పొందిన 2,235 మందిలో ముగ్గురికే ఎముక అతుకలేదని వ్రాసెను. 2007లో కెనడా వైద్యులు, కొనలు పూర్తిగా తొలగిన పెద్దవారి విరుపులనే పరీక్షించిరి: జోలెకట్టు వేసిన 49 మందిలో ఏడుగురికి, పలక బిగించిన 62 మందిలో ఇద్దరికి మాత్రమే అతుకలేదు.

పలకకును చిక్కులు కలవు. గాయము చీము పట్టవచ్చును. పలక చర్మమునకు ఒత్తుకొని, దానిని తీయుటకు మరల కోయవలసి రావచ్చును. కావున కొనలు తొలగని విరుపునకు నేటికిని జోలెకట్టే మేలు. మిక్కిలి తొలగినప్పుడే పలకనుగూర్చి వైద్యునితో విచారింపవలెను.