ఎడమ కాలికి విశ్రాంతి దొరికిన కథ

1989 మార్చి 26న బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఆ ఏటి ఫార్ములా వన్ పోటీల మొదటి రేసు జరిగింది. ఫెరారీ జట్టు ట్రాక్ మీదికి తెచ్చిన 640 కారులో గేరు రాడ్డు లేదు. డిజైనర్ జాన్ బార్నార్డ్ దాన్ని తీసేసి, స్టీరింగ్ వెనక వేళ్లకు అందేలా రెండు చిన్న మీటలు పెట్టాడు. ఒకటి లాగితే పై గేరు, రెండోది లాగితే కింది గేరు. పరుగులో క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని ఆయిల్ ఒత్తిడితో నడిచే యంత్రం చూసుకునేది. దానికి ఎప్పుడేం చేయాలో చెప్పే ఎలక్ట్రానిక్స్ ఇటలీ కంపెనీ మాగ్నెటి మరెల్లి చేసింది. ప్రాక్టీసులో మాటిమాటికీ మొరాయించిన ఆ కారు రేసు పూర్తి చేస్తుందని జట్టులోనే చాలామందికి నమ్మకం లేదు. నైజెల్ మాన్సెల్ దానితో రేసు గెలిచాడు.

అదే ఏడాది మన దేశంలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వచ్చాయి. లైసెన్సు పరీక్షలో ఏమేం చూడాలో చెప్పేది అందులోని 15వ నిబంధన. రద్దీని బట్టి టాప్ గేరు నుంచి కింది గేర్లకు చకచకా మారగలగాలి. పల్లంలోకి దిగేటప్పుడు కింది గేరు వేసుకోవాలి. ఎత్తు మీద ఆపిన బండిని అంగుళం కూడా వెనక్కి జారనివ్వకుండా మళ్లీ కదిలించాలి. ఎడమ కాలికీ ఎడమ చేతికీ పెట్టిన పరీక్ష ఇది.

అటు ఆ మీటలు, ఇటు ఈ పరీక్ష. రెండూ పాతికేళ్ల తర్వాత ఎదురుపడతాయని అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు. అవి ఇప్పుడు రోజూ ఎదురుపడే చోటు మన సైబరాబాద్.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు మాదాపూర్ చుట్టూ బండరాళ్లే ఎక్కువ. ఆ రాళ్ల నేల చదునుగా ఉండదు. దాని మీద వేసిన రోడ్లూ ఎగుడు దిగుళ్లే. తర్వాత 2018లో మైండ్‌స్పేస్ దగ్గర అండర్‌పాస్, ఫ్లైఓవర్, 2020లో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి, 2022లో శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్ వచ్చాయి. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ ఫ్లైఓవర్ ఎక్కే చోట బండ్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోతే, గేర్ల బండి నడిపేవాళ్ల ఎడమ కాలు క్లచ్ మీద నుంచి లేవదు. రెండు గజాలు కదలడం, ఆగడం, మళ్లీ ఫస్ట్ గేరు, మళ్లీ హాఫ్ క్లచ్. వెనక కారు బంపర్‌కీ మన బంపర్‌కీ మధ్య జానెడు చోటు. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు చెమటలు పట్టేది సరిగ్గా అక్కడే.

ఈ తంటా కారు పుట్టిన తొలి రోజుల నుంచీ ఉంది. పెట్రోలు ఇంజిన్ మరీ నెమ్మదిగా తిరిగితే ఆగిపోతుంది. కాబట్టి చక్రాలు ఆగి ఉన్నా ఇంజిన్ తిరుగుతూనే ఉండాలి, కదిలేటప్పుడు రెంటినీ మెల్లగా కలపాలి. ఆ కలిపే పని క్లచ్‌ది. వేగాన్ని బట్టి బలం మార్చే పని గేర్లది. 1890లలో ఫ్రాన్స్‌లో ఎమిల్ లెవాసోర్ పళ్ల చక్రాలను పక్కకు జరుపుతూ ఒకదానితో ఒకటి కలిపే పద్ధతి తెచ్చాడు. తిరుగుతున్న రెండు చక్రాల వేగం సమానం కాకపోతే పళ్లు గరగరలాడి అరిగిపోయేవి, ఒక్కోసారి విరిగేవి. అందుకే డ్రైవరు క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, వదిలి, ఇంజిన్ వేగం చెవితో సరిచూసుకుని, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేసేవాడు. డబుల్ క్లచ్ అంటే అదే. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిన రోజుల్లో పెద్ద బండి నడపడమంటే ఆ విద్య చేతిలో ఉండాల్సిందే. మన పాత లారీ డ్రైవర్ల చెవి పనితనం నిజంగా గొప్పది. ఇంజిన్ మోత విని ఏ గేరులో ఏం కావాలో చెప్పేవారు.

ఆ గరగరను ఆపింది ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికన్ ఇంజినీరు. పళ్లు కలవడానికి ముందే రాపిడితో రెండు చక్రాల వేగాన్ని సమానం చేసే సింక్రోమెష్‌ను ఆయన రూపొందించాడు. 1928లో అది కాడిలాక్ కారులో వచ్చింది. స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డున్న మన అంబాసిడర్, ఫియట్ నుంచి 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 దాకా, ఇవాళ డ్రైవింగ్ స్కూళ్లలో తిరిగే కార్ల దాకా, మనవాళ్లు గేరు మార్చడం నేర్చుకున్నది ఆయన ఆలోచన మీదే.

మాన్యువల్ గేర్లను ఇంత సులువు చేసిన మనిషి, ఆ తర్వాత వాటిని డ్రైవరు చేతిలోంచే తీసేసే పని మీద కూర్చున్నాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇదే. క్లచ్ బదులు ఏం పెట్టాలన్న ప్రశ్నకు జవాబు అప్పటికే ఓడల్లో ఉంది. జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ అనే ఇంజినీరు ఓడల కంపెనీలో పనిచేస్తూ 1905లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆవిరి టర్బైన్ మహా వేగంగా తిరుగుతుంది, ఓడ ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరగాలి. ఆయన రెంటి మధ్య ద్రవాన్ని పెట్టాడు. గిన్నెల్లాంటి రెండు రెక్కల చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి తిరిగి ద్రవాన్ని విసురుతుంది, ఆ విసురుకు రెండోది తిరుగుతుంది. ఇనుముకు ఇనుము తగలదు. అందువల్ల బండి ఆగినా ఇంజిన్ ఆగదు.

థాంప్సన్ బృందం దీన్ని తెచ్చి నాలుగు గేర్లకు జోడించింది. వేగం ఎంత, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు అన్నదాన్ని బట్టి ఏ గేరు పడాలో ఆయిల్ ఒత్తిడే తేల్చేది. హైడ్రామాటిక్ అని పేరు పెట్టి, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమ్మారు. పెద్ద ఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అదే. కొన్నాళ్లకే అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది, అమెరికన్ ఎం5 ట్యాంకుల్లో అదే వాడారు. ఇరవై ఏళ్లు దాటాక, 1963లో, రవాణా రంగంలో గొప్ప ఇంజినీరింగ్ పనికిచ్చే ఎల్మర్ స్పెరీ అవార్డు థాంప్సన్‌నూ ఆయన బృందాన్నీ వరించింది.

ఆటోమేటిక్ నేర్చుకునేవాళ్లు మొదట చూసే పీ (పార్క్), ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డీ (డ్రైవ్) అక్షరాల వరస వెనక కూడా ప్రమాదాలున్నాయి. మొదట్లో ఒక్కో కంపెనీది ఒక్కో వరస. కొన్నిటిలో రివర్స్, ముందుకు పోయే లో గేరు పక్కపక్కనే ఉండేవి. రాడ్డు ఒక మెట్టు ఎక్కువ జరిగితే ముందుకు పోవాల్సిన కారు వెనక్కి పోయేది. 1965లో రాల్ఫ్ నాడర్ కార్ల భద్రత మీద రాసిన పుస్తకంలో దీన్ని ఎండగట్టాడు. 1968 నుంచి అమెరికాలో రివర్స్‌కూ డ్రైవ్‌కూ మధ్య న్యూట్రల్ ఉండి తీరాలన్న నియమం వచ్చింది.

బ్రేకు తొక్కితే తప్ప పీ నుంచి రాడ్డు కదలదు. ఎందుకు? 1980లలో అమెరికాలో ఆడి 5000 కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని పెద్ద గొడవ జరిగింది. అక్కడి రోడ్డు భద్రతా సంస్థ పరిశోధించి 1989లో తేల్చింది: చాలా సందర్భాల్లో డ్రైవర్లు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కారు. భయంలో ఇంకా గట్టిగా తొక్కారు. ఆ తాళం ఆ గొడవ నుంచే వచ్చింది. గేర్ల బండిలో కొత్తవాళ్లు కంగారుపడి క్లచ్ వదిలేస్తే ఇంజిన్ ఆగిపోతుంది, బండి అక్కడే నిలబడుతుంది. ఆటోమేటిక్‌లో ఆ ఆసరా లేదు. రెండు పెడళ్లకూ కుడి కాలు ఒక్కటే వాడాలని, ఎడమ కాలు పక్కన పెట్టేయాలని నేర్పేది ఇందుకే. మొదటి పాఠం ఇదే కావాలి.

మన దేశంలో ఆటోమేటిక్ కారు చాలాకాలం డబ్బున్నవాళ్ల వస్తువు. గేర్లు లేని సుఖం మనకు రెండు చక్రాల మీదే తెలుసు. 1972లో లూనా, 1984లో కైనెటిక్ హోండా వచ్చాయి. కారు దగ్గరికొచ్చేసరికి ధర ఒక అడ్డం, మైలేజీ ఇంకో అడ్డం. ద్రవంతో నడిచే పద్ధతిలో కొంత శక్తి జారిపోతుంది కదా, అందుకని పెట్రోలు ఎక్కువ తాగుతుందన్న పేరు పడింది.

ఆ రెండు అడ్డాలనూ తొలగించింది ఫెరారీ విద్యే. మాగ్నెటి మరెల్లి రేసు కార్ల పద్ధతిని చవక చేసి మామూలు కార్లకు తెచ్చింది. 2014 ఫిబ్రవరిలో ఢిల్లీ పక్కనున్న గ్రేటర్ నోయిడాలో జరిగిన ఆటో ఎక్స్‌పోలో మారుతి సెలెరియో దానితో వచ్చింది, ఐదు లక్షల లోపు ధరకు. ఏఎంటీ అంటే అదే. లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. వాటిని తొక్కేదీ మార్చేదీ మాత్రం యంత్రం. అందుకే మైలేజీ తగ్గలేదు. మాన్యువల్‌కూ ఏఎంటీకీ ఒకటే, లీటరుకు 23.1 కిలోమీటర్లని కంపెనీ ప్రకటించింది. గచ్చిబౌలి నుంచి మైండ్‌స్పేస్ దాకా పాకే కార్ల వరసకు ఇంతకన్నా తగిన వస్తువు అప్పట్లో మరొకటి లేదని నా అభిప్రాయం.

అయితే లోపల క్లచ్ ఉందన్న సంగతి నడిపేవాళ్లు మరిచిపోకూడదు. చాలా ఏఎంటీలలో పీ ఉండదు, గేరులో ఉంచి హ్యాండ్‌బ్రేకు వేయాలి. ఎత్తు మీద బండిని కాసేపు పట్టి ఉంచే హిల్ హోల్డ్ లేకపోతే వెనక్కి జారుతుంది. జారకుండా యాక్సిలరేటర్ మీద నిలబెడితే క్లచ్ కాలిపోతుంది. ఆటోమేటిక్‌లో మిగతా రకాలైన సీవీటీ, డీసీటీ, టార్క్ కన్వర్టర్‌లలో ఒక్కోదాని తీరు ఒక్కోటి. ఎలక్ట్రిక్ కారులో అసలు గేర్లు మార్చే పనే లేదు.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం మోటార్ సైకిళ్లను గేరు ఉన్నవి, లేనివి అని రెండుగా విడదీసింది. కార్లకు ఆ తేడా పెట్టలేదు. బ్రిటన్‌లో ఆటోమేటిక్‌లో పరీక్ష పాసైతే ఆటోమేటిక్ నడిపే హక్కే వస్తుంది. ఇక్కడ ఏ కారుతో పాసైనా ఆ లైసెన్సుతో రెండూ నడపవచ్చు. క్లచ్ మొహం చూడనివాళ్లు మర్నాడే స్నేహితుడి గేర్ల కారు తీసుకుని ఫ్లైఓవర్ ఎక్కితే అడ్డుకునే నియమం లేదు. ఇది సరిచేయాల్సిన లోపం.

అది సరయ్యేలోపు, కారు నేర్చుకోబోతున్నవారికి నా మాట. మీ ఇంట్లో ఉన్నది ఆటోమేటిక్ అయితే దానిమీదే నేర్చుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. డ్రైవింగ్ స్కూల్‌లో చేరేటప్పుడే ఆటోమేటిక్ కారు ఉందా అని అడగండి, అడిగేవాళ్లుంటేనే తెస్తారు. గేర్ల బండి నడపాల్సి వస్తే, లైసెన్సు ఉంది కదా అని బయల్దేరవద్దు. ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని, తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదిలించడం వచ్చేదాకా సాధన చేయండి. ఆ తర్వాతే ట్రాఫిక్‌లోకి రండి.